నా ఎత్తు 172.3 అట

2025 మార్చి 6 గురువారం మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక నా ఎత్తు 177.1 సెంటీమీటర్లు. ఒంటిగంట దాటేసరికి 172.3 అయింది. మధ్యలో ఎవరూ ఏమీ కొయ్యలేదు, చేతులూ తొడలూ కొలిచి కాగితం మీద రాశారు, అంతే. ఆ 4.8 సెంటీమీటర్ల కోసం నాకు అయిదున్నర నెలలూ, దగ్గర దగ్గర రెండు లక్షల రూపాయలూ, బోలెడంత నిద్రా పోయాయి. రెండు కాళ్ళూ మోకాలి కింద లేకుండా బ్లేడ్లతో, అంటే పరుగు కోసం వేసుకునే వంపు కాళ్ళతో, పరిగెత్తాలనుకునేవాళ్ళకి ముందే తెలిస్తే ఆ డబ్బూ ఆ నెలలూ మిగులుతాయని రాస్తున్నా. నాకైతే ఎవరూ చెప్పలేదు.

నా సంగతి కొంచెం. 2016 జూన్‌లో, పదో తరగతి పాసై ఇంటర్లో చేరడానికి ఖమ్మం వెళ్తూ, డోర్నకల్ స్టేషన్లో కదిలిన రైలు ఎక్కబోయాను. తప్పు నాదే, ఎవర్నీ అనడానికి లేదు. అప్పటికి నాకు పదిహేనేళ్ళు, ఇంకా పెరుగుతున్న వయసు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ముందు ముందు గొడవంతా దీని దగ్గరే. మా నాన్న దర్జీ. ఆ ఏప్రిల్‌లో ఫేర్‌వెల్ పార్టీకని నాకు ప్యాంటు కుట్టాడు, కొలతల పుస్తకంలో నా పేరు పక్కన "పొడవు 39" అని ఉంది. ఆ తర్వాత నా పేరు మీద కొలత రాయలేదు.

2017లో జైపూర్ కాళ్ళు ఉచితంగా వచ్చాయి, వాటి మీదే డిగ్రీ అయింది, హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికింది. 2022లో బ్లేడ్లు. సాకెట్లు (మిగిలిన కాలు దూర్చే గుల్లలు), లైనర్లతో (కాలికి ముందు వేసుకునే మెత్తటి తొడుగులు) సహా రెండు కాళ్ళకీ కలిపి ఆరు లక్షల నలభై వేలు. ఒక కంపెనీ సీఎస్సార్ కింద నాలుగు లక్షలు ఇచ్చింది, మిగతాది బంధువులు, ఫ్రెండ్స్, మా ఆఫీసు వాట్సాప్ గ్రూపు. బరువుని బట్టి బ్లేడ్ ఎంత గట్టిగా ఉండాలో కేటగిరీ ఇస్తారు, అదంతా బాగానే చూశారు. తర్వాత కాళ్ళు చేసే సార్ మామూలుగా అడిగాడు, "ఎత్తు ఎంత పెట్టమంటావ్?" అని.

అలా అడిగితే ఎవడైనా ఏం చెప్తాడు? మా తమ్ముడు 178. నేను వాడికంటే రెండేళ్ళు పెద్ద. "వాడంత పెట్టండి సార్" అన్నాను. సార్ నా చేతులు చూసి, పొడుగు చేతులే, సరిపోతుంది, పొడుగుంటే అంగ కూడా బాగా పడుతుంది అన్నాడు. అయిదు నిమిషాల మాట. దాని ఖరీదు మూడేళ్ళ తర్వాత తెలిసింది.

రాష్ట్ర స్థాయిలో 2023లో, 2024లో పరిగెత్తాను. ఎవరూ కొలవలేదు. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంతో రాసిచ్చేది) చూశారు, కాళ్ళు చూశారు, టి62 అని రాశారు. రెండు కాళ్ళూ మోకాలి కింద లేనివాళ్ళ క్లాస్ అది. ఒక కాలు మోకాలి కింద పోయి బ్లేడ్ వేసుకునేవాళ్ళది టి64. మా క్లాసులో నేనొక్కడినే కాబట్టి టి64 వాళ్ళతో కలిపి దింపారు. 2024లో వంద మీటర్లు 12.71లో ఫస్ట్ వచ్చాను. అరవై మీటర్ల దాకా నా ముందున్న ఒక అన్న సెకండ్ వచ్చాడు. టవల్‌తో మొహం తుడుచుకుంటూ, నలుగురూ వింటుండగా, "కాళ్ళు పెంచుకొస్తే ఎవడైనా కొడతాడు తమ్మీ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఆ మాట చాలా రోజులు కడుపులో అలాగే ఉండిపోయింది. రెండు కాళ్ళు పోయినవాడిని పట్టుకుని ఒక కాలున్నవాడు అనే మాటేనా అని.

జాతీయ స్థాయికి వెళ్దామని 2024 నవంబర్ 11న కాగితాలు మొదలుపెట్టాను. పాత సదరం సర్టిఫికెట్ చాలదు, యూడీఐడీ కార్డు, అంటే దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు, కావాలన్నారు. నా ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, పదో తరగతి మెమోలో వెనకుంది, అక్కడ ఆగింది. మీసేవకి ఆరుసార్లు తిరిగాక ఫిబ్రవరి 3న కార్డు చేతికొచ్చింది. 84 రోజులు. మెడికల్ ఫారం ఇంకో కథ. డాక్టర్ పూర్తిగా నింపి సంతకం పెట్టాలి, రెండు స్టంపులకీ, అంటే మిగిలిన కాలి ముక్కలకీ, ఎక్స్‌రే జతచెయ్యాలి. మొదట వెళ్ళిన డాక్టర్ గారు "కాళ్ళు లేవని కనిపిస్తూనే ఉంది కదయ్యా, ఎక్స్‌రే ఎందుకు?" అని ఫారం వెనక్కి ఇచ్చేశారు. రెండోచోట ఎక్స్‌రేలకి 900, సంతకానికి మూడు పూటల ఎదురుచూపు. ఫారంలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా తిప్పి పంపుతారు, కాబట్టి డాక్టర్ ముందు కూర్చునే ఒక్కో గడీ చూసుకోండి, మొహమాటపడొద్దు.

గ్రౌండ్‌లో సీనియర్లు క్లాసిఫికేషన్ (వైకల్యాన్ని బట్టి ఎవరు ఏ క్లాసో తేల్చే పరీక్ష) అనగానే ఒకటే మాట చెప్పేవాళ్ళు, 2021లో టోక్యో పారాలింపిక్స్‌లో డిస్కస్‌లో కాంస్యం గెలిచిన మన వినోద్ కుమార్ పతకం క్లాసిఫికేషన్ దగ్గరే పోయింది, జాగ్రత్త అని. నాకేం భయం అనుకున్నాను. నా రెండు కాళ్ళూ లేవు, ఉన్నాయని ఎవడంటాడు?

జాతీయ పోటీల కోసం మార్చి 4 రాత్రి కాచిగూడలో బెంగళూరు రైలెక్కాం, నేనూ నాన్నా. రైల్వే రాయితీ కార్డు ఉంటే థర్డ్ ఏసీలో నాకూ, తోడొచ్చేవాళ్ళకీ 75 శాతం తగ్గుతుంది, అది ముందే చేయించుకోండి. రైలు ప్రయాణమంటే అమ్మ ఇప్పటికీ ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చుంటుంది, దిగి ఫోన్ చేసేదాకా అన్నం తినదు.

బస మొదటి అంతస్తులో ఇచ్చారు. వచ్చేవాళ్ళలో సగం మందికి కాళ్ళు లేవని తెలిసీ లిఫ్ట్ లేని బిల్డింగ్ ఎలా చూశారో వాళ్ళకే తెలియాలి. బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ లేదు. కాళ్ళు విప్పాక నేను మోకాళ్ళ మీద నడవాలి, తడి నేల మీద అది నరకం. నాన్న పొద్దున్నే బజారుకెళ్ళి 280 పెట్టి ప్లాస్టిక్ స్టూల్ కొనుక్కొచ్చాడు. ఎక్కడికి వెళ్ళినా ఒక స్టూల్ తీసుకెళ్ళండి. ఇది చదివి మీరు ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

క్లాసిఫికేషన్‌కి 11:10 టైమ్ ఇచ్చారు, పిలిచింది 12:15కి. ఆ గంట బయట వరండాలో కుర్చీల్లో కూర్చున్నాం. చెయ్యి లేనివాళ్ళు, పోలియో వాళ్ళు, వీల్‌చెయిర్ వాళ్ళు. అక్కడ ఒకటి గమనించాను. రోజూ బస్సులో, ఆఫీసులో మేమంతా బాగానే ఉన్నట్టు కనిపించడానికి తంటాలు పడేవాళ్ళం. ఆ వరండాలో మాత్రం ఒకళ్ళ కాళ్ళూ చేతులూ ఒకళ్ళు లెక్కలు వేసుకుంటూ చూస్తున్నారు, వీడిది నాకంటే నయమా, వీడు నా క్లాసులో పడతాడా అని. నేనూ చూశాను. సిగ్గేసింది కానీ చూశాను.

లోపల ఒక డాక్టర్ మేడమ్, ఆటల వైపు నుంచి వచ్చిన ఒక సార్. తోడు ఒకళ్ళని రానిస్తారు, నాన్న వచ్చాడు. ముందు ఒక ఒప్పుకోలు కాగితం మీద సంతకం, వీడియో తీస్తామన్నారు. స్టంపులు చూశారు, మోకాళ్ళు వంచి చాపించి బలం చూశారు, ఇరవై నిమిషాల్లో టి62 అని తేలిపోయింది. లేచి వెళ్ళిపోవచ్చేమో అనుకుంటుంటే సార్ "బ్లేడ్లు వేసుకో, హైట్ చూడాలి" అన్నారు.

రెండు బ్లేడ్ల మీద కదలకుండా నిలబడటం ఎంత కష్టమో వేసుకోనివాళ్ళకి తెలీదు. మడమ ఉండదు కదా, పట్టు దొరకదు, ఊరికే నిలబడాలన్నా అక్కడక్కడే అడుగులేస్తూ ఉండాలి. గోడకి వీపు ఆనించి, ఒక చేత్తో నాన్న భుజం పట్టుకుని, సార్ చెప్పగానే చెయ్యి వదిలి ఊపిరి బిగబట్టాలి. మూడుసార్లు చూశారు. 177.0, 177.3, 177.1. బ్లేడ్ అడుగున అతికించిన స్పైక్స్ సోల్ కూడా ఆ ఎత్తులోనే లెక్క, నేను అది ఊహించలేదు.

తర్వాత బ్లేడ్లు విప్పించి చెక్క పెట్టె మీద కూర్చోబెట్టారు. కూర్చున్న ఎత్తు, తొడ పొడవు, భుజం నుంచి మోచెయ్యి దాకా, మోచెయ్యి నుంచి మణికట్టు దాకా. ఎముక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో వేలితో నొక్కి చూసి, పెన్నుతో చుక్క పెట్టి, ఇనప స్కేలు లాంటి దానితో కొలిచారు. నాన్న కళ్ళు ఆ చుక్కల మీదే. నలభై ఏళ్ళుగా మనుషుల్ని కొలిచే మనిషి, ఇంకొకళ్ళు తన కొడుకుని కొలుస్తుంటే ఊరుకుంటాడా, మెల్లిగా "ఆ చుక్క కాస్త కిందకి పడింది" అంటున్నాడు తెలుగులో. వాళ్ళకి అర్థం కాలేదు, నేను చెప్పలేదు.

సార్ ఆ నాలుగు అంకెలూ లాప్‌టాప్‌లో కొట్టారు. ఫార్ములా ఒక ఎత్తు ఇస్తుంది, దాన్ని మ్యాష్ అంటారు. మాగ్జిమమ్ అలవబుల్ స్టాండింగ్ హైట్. ఇద్దరు కాళ్ళు లేనివాళ్ళలో ఒకడు ఇంత బ్లేడ్ పెట్టుకుని ఇంకొకడు అంత పెట్టుకోకుండా, మీకు కాళ్ళుంటే సుమారు ఇంత ఉండేవాళ్ళు అని శరీరంలో మిగిలినదాన్ని బట్టి లెక్కకట్టడం. నాకు 172.3 వచ్చింది.

"అంటే ఇది నా ఎత్తా సార్?" అని అడిగాను.

"నీ ఎత్తు అని కాదు. ట్రాక్ మీద నువ్వు ఇంతకు మించకూడదు."

నాన్నకి విషయం చెప్పాను. ఆయన ఒక్క నిమిషం ఏమీ అనలేదు. తర్వాత నేరుగా మేడమ్‌తోనే, తెలుగులోనే, "చెయ్యి కొలిచి ప్యాంటు కుడతారా అమ్మా?" అన్నాడు. మేడమ్ నావైపు చూసి ఏమంటున్నారని అడిగారు. "ఏం లేదు మేడమ్" అన్నాను. అప్పుడు ఆయన సంచీలోంచి పాత కొలతల పుస్తకం తీశాడు. అది తెచ్చాడని నాకూ తెలీదు. పదిహేనేళ్ళప్పుడు నాకు 39, మా తమ్ముడికి అదే వయసులో 39, ఇప్పుడు వాడికి 42. పేజీలు తిప్పి వేలు పెట్టి చూపిస్తున్నాడు. నేను హిందీలో చెప్పాను. మేడమ్ పుస్తకం చేతిలోకి తీసుకుని చూశారు, అది మాత్రం మర్చిపోను, చూసి, ఫార్ములాలో తమ్ముడి ఎత్తుకీ తండ్రి ఎత్తుకీ చోటు లేదు, అందరికీ ఇదే లెక్క అని నెమ్మదిగా చెప్పారు. వాళ్ళ తప్పేం లేదు. ఆవిడ స్థానంలో నేనున్నా అదే చెప్పేవాడిని.

కాగితంలో క్లాస్ టి62, పక్కన స్టేటస్ ఆర్, అంటే మళ్ళీ రివ్యూకి రావాలి. ఎత్తు 4.8 ఎక్కువ, తగ్గించేదాకా ట్రాక్ ఎక్కడానికి లేదు. నా పోటీ 8న. వరండాలోంచే కాళ్ళు చేసే సార్‌కి ఫోన్ చేశాను. నా బ్లేడ్ సాకెట్ వెనక వైపు బోల్టులతో బిగించి ఉంటుంది, దాన్ని అయిదు సెంటీమీటర్లు పైకి జరపాలంటే అక్కడ బిగించే ప్లేట్ లేదు, సాకెట్లే కొత్తగా చెయ్యాలి. "ఎనిమిదో తారీకుకా? వచ్చే నెల ఎనిమిదికి కూడా చెప్పలేను" అన్నాడు. మ్యాష్ గురించి 2022లోనే ఎందుకు చెప్పలేదు సార్ అంటే, నువ్వు ఇక్కడిదాకా వస్తావని అనుకోలేదు అన్నాడు. దానికి నాకు కోపం రావాలో నవ్వు రావాలో తెలీలేదు.

ఆ రాత్రి నాన్న పడుకున్నాక ఫోన్లో చదువుతూ కూర్చున్నాను. 2012 లండన్ పారాలింపిక్స్‌లో 200 మీటర్లు, బ్రెజిల్ కుర్రాడు అలన్ ఒలివెయిరా ఆఖర్లో వచ్చి, తనలాగే రెండు కాళ్ళూ లేని దక్షిణాఫ్రికా రన్నర్ ఆస్కార్ పిస్టోరియస్‌ని దాటేస్తాడు, 21.45, 21.52. పిస్టోరియస్ మైక్ ముందుకొచ్చి వాడి బ్లేడ్లు పొడుగు అన్నాడు. అప్పటి రూల్ ప్రకారం ఒలివెయిరా బ్లేడ్లు సరిగ్గానే ఉన్నాయి. అసలు విచిత్రమేంటంటే, అంతకు నాలుగేళ్ళ ముందు ఇదే పిస్టోరియస్‌ని, కాళ్ళున్నవాళ్ళతో పరిగెత్తుతానంటే, నీ బ్లేడ్లతో నీకు లాభం అన్నారు. జర్మనీలో పరీక్షలు చేసి, అదే స్పీడుకి మామూలు రన్నర్ కంటే ఇతనికి 25 శాతం తక్కువ శక్తి చాలని తేల్చి 2008 జనవరిలో మామూలు వాళ్ళ పోటీల నుంచి నిషేధించారు. మే నెలలో క్రీడల కోర్టు ఆ నిషేధం ఎత్తేసింది. నిండు స్పీడులో తిన్నగా పరిగెత్తేటప్పుడే కొలిచారు, స్టార్టింగ్‌లో పడే కష్టం లెక్కలోకి తీసుకోలేదు అన్నది ఒక కారణం. అది చదివి మంచం మీద లేచి కూర్చున్నాను. నా పరుగు సరిగ్గా అంతే. మొదటి ముప్పై మీటర్లు బురదలో దిగినట్టుంటుంది, చీలమండ లేదు, నెట్టడానికి ఏమీ లేదు. అరవై దాటాక మాత్రం ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టు వెళ్ళిపోతాను. రెండూ నిజమే. ఎవరికి ఏ సగం కావాలంటే ఆ సగం చూపిస్తారు.

2018లో ఎత్తు రూల్ బిగించారు. దాని దెబ్బ గట్టిగా తగిలింది రెండు కాళ్ళూ లేని అమెరికా రన్నర్ బ్లేక్ లీపర్‌కి. అతను మామూలు వాళ్ళతో 400 మీటర్లు పరిగెత్తాలనుకున్నాడు. 2020లో అదే క్రీడల కోర్టు, నువ్వు ఉండాల్సిన దానికంటే దాదాపు 15 సెంటీమీటర్లు ఎత్తుగా పరిగెత్తుతున్నావు, కుదరదు అంది. ఆ ఫార్ములా తయారుచెయ్యడానికి కొలిచిన మనుషుల్లో నల్లవాళ్ళు లేరని అతని వాదన. అదే తీర్పులో, బ్లేడ్ల వల్ల లాభం లేదని ఆటగాడే రుజువు చేసుకోవాలనడం తప్పని కూడా చెప్పారు. 15 ఎక్కడ, నా 4.8 ఎక్కడ అని కాసేపు నాకు నేనే చెప్పుకున్నాను. తర్వాత, దొంగతనంలో పెద్దదీ చిన్నదీ ఏంటి అనిపించింది. మళ్ళీ, నేను దొంగతనం చెయ్యలేదు కదా అనిపించింది. మూడింటిదాకా ఇదే.

8న స్టాండ్స్‌లో కూర్చుని వంద మీటర్లు చూశాను. మా రాష్ట్రం అన్న 12.79లో మూడో స్థానం. బయట కనిపించి "ఏం తమ్మీ, దిగలేదేం?" అన్నాడు. స్టంప్ పుండు పడింది అన్నా అని అబద్ధం చెప్పాను.

ఇంటికొచ్చాక డబ్బు. సాకెట్ ఒక్కోటి 58,000, రెండు లక్షా పదహారు వేలు. స్టంపులు సన్నబడ్డాయి కాబట్టి లైనర్లు కూడా మార్చాలన్నారు, జత 54,000. ప్రయాణాలూ సెలవులూ విడిగా. నాన్న రెండు లక్షల చిట్టీ ముప్పై రెండు వేలు తగ్గించి పాడుకున్నాడు. నేను వద్దన్నాను, ఈ ఎత్తుతో రాష్ట్రంలో పరిగెత్తుకుంటాలే ఎవరూ కొలవరు అన్నాను. ఆయన మిషన్ మీద నుంచి తల ఎత్తకుండానే "కొలవకపోతే సరిపోయినట్టేనా?" అన్నాడు. వాళ్ళ లెక్క తప్పని ఆయనకి ఇప్పటికీ గట్టి నమ్మకం, అయినా ఆ మాట అన్నాడు.

మార్చి 17న అచ్చు తీశారు, ఏప్రిల్ 28కి చేతికొచ్చాయి. మధ్యలో ట్రయల్‌కి మూడుసార్లు వెళ్ళాను, ఒకసారి ఎడమది వదులు, ఒకసారి కుడిది మోకాలి కింద నొక్కుతోంది. బ్లేడ్లు అవే, వాటిని పైకి జరిపి బిగించారు.

అయిదు సెంటీమీటర్లే కదా అనుకుంటారు. మొదటిరోజు గచ్చిబౌలి ట్రాక్ మీద లేచి నిలబడితే నేల దగ్గరికి వచ్చేసింది. అడుగు ఎక్కడ పడుతుందో ఒంటికి ఒక అలవాటు ఉంటుంది, అది మూడేళ్ళ అలవాటు, అది వేసే చోట ఇప్పుడు నేల ముందే తగులుతోంది. రెండుసార్లు పడ్డాను, మోచెయ్యి చీరుకుపోయింది. మే నెల ఎండలో లైనర్ విప్పి బోర్లిస్తే చెమట ధారగా కారేది. కొత్త సాకెట్ అంచు దగ్గర నిజంగానే పుండు పడింది, అన్నకి చెప్పిన అబద్ధం తగిలిందనుకున్నాను. పదకొండు రోజులు బ్లేడ్లు వేసుకోలేదు. జూన్ చివరికి కుదురుకుంది. వందకి 54 అంగలు పడేవి, ఇప్పుడు 57. మొదటి పది అడుగులు మాత్రం ముందుకంటే నయం, బరువు కిందకి దిగినందుకేమో తూలడం తగ్గింది.

ఇంకో తమాషా. నేను రోజూ ఆఫీసుకి వేసుకునే కాళ్ళ మీద 174 ఉంటాను. వాటికి ఏ రూలూ లేదు. అంటే ఇంటినుంచి గ్రౌండ్‌కి పొడుగ్గా వెళ్ళి, అక్కడ పొట్టివాడినై పరిగెత్తి, మళ్ళీ పొడుగై ఇంటికొస్తాను.

రెండో కొలత ఆగస్టు 22 శుక్రవారం, చెన్నైలో. ఈసారి తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. చేతులూ తొడల జోలికి వెళ్ళలేదు, పాత కాగితంలో 172.3 చూసుకుని గోడకి నిలబెట్టారు. 172.1. నాన్న గట్టిగా ఊపిరి వదిలాడు, క్లాసిఫయర్ కూడా నవ్వారు.

24న పరిగెత్తాను. వంద మీటర్లు 12.90, మూడో స్థానం. 400 మీటర్లు 59.8, పాత ఎత్తు మీద నా టైమ్ 57.6. అన్న వందలో 12.74, రెండో స్థానం. సాయంత్రం భోజనాల దగ్గర సాంబారన్నం ప్లేటు పట్టుకుని నా పక్కకొచ్చి కూర్చున్నాడు. నేనే మొదలుపెట్టాను. మార్చిలో పుండు కాదన్నా, ఎత్తు ఎక్కువైంది, ఆపేశారు అన్నాను. "తెలుసు" అన్నాడు. అందరికీ తెలుసట.

"నువ్వు ఆ రోజు అన్న మాట నాకు చాలా రోజులు నిద్రపట్టనివ్వలేదన్నా."

"అనకుండా ఉండాల్సింది, నలుగురిలో. మాట మాత్రం అబద్ధం కాదు తమ్మీ." కుడికాలు చాపి చూపించాడు, ఉన్న కాలు. "నా బ్లేడ్ ఎంత ఉండాలో ఇది చెప్తుంది. దీనికంటే పెంచితే కుంటుతాను. నన్ను ఎవరూ అడగలేదు ఎంత పెట్టాలని."

నన్ను అడిగారు. "వాడంత పెట్టండి సార్" అన్న ఆ అయిదు నిమిషాలు గుర్తొచ్చి కాసేపు అన్నం కలుపుతూ ఉండిపోయాను. తర్వాత చెప్పాను, నీకు బ్లాక్స్‌లోంచి లేవడానికి ఒక పాదం ఉంది, వేళ్ళున్నాయి, ముప్పై మీటర్ల దాకా నువ్వు నాకు అందవు, దాని సంగతేంటి, నన్ను నీతో కలిపి దింపమని నేనేమన్నా అడిగానా అని. అతను ఆలోచించి, "అది కూడా నిజమే. మనిద్దర్నీ కలిపి పరిగెత్తించడమే తప్పేమో" అన్నాడు. "మా దాంట్లో నేనొక్కడినే అన్నా, విడిగా అయితే రేసే ఉండదు" అన్నాను. ఇద్దరం నవ్వాం. అప్పడం సగం నాకు పెట్టాడు.

నా మాట అడిగితే, 172.3 నా నిజం ఎత్తు కాదనే ఇప్పటికీ అనుకుంటాను. నాన్న పుస్తకంలో 42 ఉండాల్సినవాడిని. కానీ అంకె అంటూ లేకపోతే నేను 178 అంటాను, నా తర్వాత వచ్చేవాడు 185 అంటాడు, డబ్బున్నవాడు ఇంకేమంటాడో. అందుకని ఒప్పుకున్నాను. ఇష్టపడి కాదు.

వెళ్ళేవాళ్ళు బ్లేడ్లు చేయించుకునే ముందే మ్యాష్ లెక్క చేయించండి, చేసేవాళ్ళకి తెలియకపోతే మీరే అడగండి. లెక్క వచ్చినదానికి ఒక సెంటీమీటర్ తక్కువే పెట్టించుకోండి, ఎందుకంటే సోల్ ఉంది. బ్లేడ్ అడుగున సోల్ మూడు నాలుగు నెలలకి అరిగిపోతుంది, కొత్తది అతికిస్తే మందం పెరుగుతుంది. లైనర్ మారినా అంతే. నాకు మిగిలింది రెండు మిల్లీమీటర్లే, ఆ సంగతి చెన్నై నుంచి వచ్చాకే తట్టింది.

పోయిన ఆదివారం కొత్త సోల్స్ అతికించాం, చెప్పులు కుట్టే ఆయన దగ్గర, 350. ఇంటికొచ్చి గుమ్మానికి వీపు ఆనించి నిలబడ్డాను, నాన్న నెత్తి మీద స్కేలు అడ్డంగా పెట్టి పెన్సిల్ గీత గీసి, మెడలోని టేపు తీసి కింద నుంచి కొలిచాడు. అంగుళాల వైపు కాదు నాన్నా, వెనక వైపు అన్నాను. తిప్పాడు. 172.6. ఇంకోసారి కొలిచాడు, అంతే. మూడు మిల్లీలు ఎక్కువ. మిషన్ డ్రాయర్‌లోంచి గరుకు కాగితం తీసుకుని గుమ్మంలో కూర్చుని, నా బ్లేడ్ ఒళ్ళో పెట్టుకుని కొత్త సోల్ అరగదీస్తున్నాడు.